విత్తనమూ, నేలా: ఆహార రుగ్మతలలో జన్యువుల పాత్ర, పరిసరాల పాత్ర

తెలుగు సామెతలలో పరస్పర విరుద్ధంగా కనిపించేవి కొన్ని ఉన్నాయి. "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" ఎంచుకోమంటుంది ఒక సామెత. గుణం పుట్టుకతోనే సంక్రమిస్తుందని దాని భావం. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అంటుంది మరొక సామెత. మనిషిని తీర్చిదిద్దేది సహవాసమే అని దాని తాత్పర్యం. మన పెద్దలు ఈ రెండు మాటలనూ ఒకే నోటితో పలికారు. ఒకదాని కోసం మరొకదానిని కొట్టివేయలేదు. పాశ్చాత్య శాస్త్రజ్ఞులు మనిషి స్వభావానికి కారణం అనువంశికతా, పరిసరాలా అని శతాబ్దానికి పైగా వాదించుకొని, చివరకు చేరుకున్న తీర్మానం కూడా ఇంచుమించు ఇదే. ఆ తీర్మానాన్ని ఒక రుగ్మత ఆధారంగా విద్యార్థులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేను జీవశాస్త్ర అధ్యాపకుణ్ణి కాను, తెలుగు బోధించేవాణ్ణి. ఈ విషయంపై కలం పట్టడానికి ఒక కారణం ఉన్నది.

కొన్నేళ్ళ క్రితం నేను వేరొక పట్టణంలో పనిచేస్తున్న రోజులలో వార్షికోత్సవానికి ఒక నాటకం వేయించాను. నాయిక పాత్రకు ఎంపికైన అమ్మాయి చురుకైనది, చదువులో మొదటి శ్రేణిలో ఉండేది, అక్షరం తప్పు పోతే రాత్రంతా నిద్రపోని స్వభావం గలది. ఒకనాడు అభ్యాస సమయంలో నేను పరిహాసంగా, "నాయిక అంటే లతాంగి కదమ్మా! ప్రబంధ కవులు ఉన్నదో లేదో తెలియని నడుమును వర్ణిస్తారు. రెండు నెలలు రాత్రి అన్నం తగ్గించరాదూ!" అన్నాను. అక్కడున్న అమ్మాయిలందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నాటకం బాగా ఆడింది. ఆమె సన్నబడింది. అందరమూ మెచ్చుకున్నాము. నాటకం ముగిసినా ఆమె సన్నబడడం మాత్రం ఆగలేదు. చివరకు ఒకనాడు తరగతిలోనే స్పృహ తప్పి పడిపోయింది.

పరామర్శకు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. నాయనమ్మ నజర్ తగిలిందని తావీజు కట్టించింది. తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ, "నా పెంపకంలోనే ఏదో లోపం ఉన్నది సార్" అన్నది. తండ్రి నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి, "మా చెల్లెలు కూడా ఈ వయసులో ఇట్లాగే తిండి మానేసింది సార్. ఇది మా వంశంలో ఉన్నదేమో. బయట తెలిస్తే రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి?" అని అడిగాడు. నేను సమాధానం చెప్పలేదు. ఎందుకంటే నా మనస్సులో మూడవ ప్రశ్న మెదులుతున్నది: నా పరిహాసమే కారణమా?

వంశమా, పెంపకమా, ఒక్క మాటా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెదకుతూ నేను చదివినదాని సారాంశమే ఈ వ్యాసం.

వ్యాధి స్వరూపం

ఆహార రుగ్మతలలో ముఖ్యమైనవి మూడు. మొదటిది అనొరెక్సియా నెర్వోసా. ఇందులో రోగి ఆహారాన్ని అదేపనిగా తగ్గించుకుంటూ పోతుంది. ఎముకల గూడుగా మారినా తాను లావుగా ఉన్నాననే భావిస్తుంది. రెండవది బులీమియా నెర్వోసా. ఇందులో రోగి అదుపు లేకుండా ఒక్కసారిగా అమితంగా తిని, ఆ తరువాత భయంతో, పశ్చాత్తాపంతో తిన్నదానిని వదిలించుకోవడానికి ప్రయత్నిస్తుంది. మూడవది బింజ్ ఈటింగ్. ఇందులో అదుపు తప్పి తినడం, ఆపైన కుమిలిపోవడం ఉంటాయి గాని, వదిలించుకొనే ప్రయత్నం ఉండదు. 2013లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం దీనిని ప్రత్యేక రుగ్మతగా గుర్తించినది. ఈ వ్యాధులు స్త్రీలలోనే ఎక్కువగా కనిపించినా, పురుషులు వీటికి అతీతులు కారు. కండలు తిరిగిన దేహం కోసం భోజనాన్ని శత్రువుగా చూసే యువకులు మన మధ్యనే ఉన్నారు.

ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ మోర్టన్ అనే వైద్యుడు 1689లోనే ఇట్టి రోగులను వర్ణించాడు. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో చార్లెస్ లాసెగ్ ఇంచుమించు ఒకేసారి ఈ వ్యాధిపై ప్రసంగాలు, వ్యాసాలు వెలువరించారు. బులీమియాకు ప్రత్యేక లక్షణాలను 1979లో జెరాల్డ్ రస్సెల్ నిర్దేశించాడు. మన ఆయుర్వేదంలో అరోచకం, భస్మకం అనే పేర్లు ఉన్నాయి. అన్నం రుచించకపోవడం అరోచకం. ఎంత తిన్నా తీరని ఆకలి భస్మకం. శోక భయాదుల వల్ల కూడా అరోచకం కలుగుతుందని మన ప్రాచీన వైద్యులు గ్రహించారు. ఐతే అరోచకానికీ, అనొరెక్సియాకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. అనొరెక్సియా రోగికి చాలాకాలం వరకు ఆకలి చావదు. ఆకలి ఉంటుంది, ఆ ఆకలిని జయించడమే ఆమెకు విజయమనిపిస్తుంది.

దీనిని వయసు చాపల్యమనో, మొండితనమనో తేలికగా తీసుకోరాదు. మానసిక రుగ్మతలన్నింటిలో మరణాలు అత్యధికంగా సంభవించే వాటిలో అనొరెక్సియా ఒకటి. రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగిపోవడం వల్ల కొందరు, ఆత్మహత్య వల్ల కొందరు మరణిస్తారు. సుప్రసిద్ధ అమెరికన్ గాయని కారెన్ కార్పెంటర్ 1983లో, 32 ఏళ్ళ వయసులో, ఈ వ్యాధి పర్యవసానంగానే కన్నుమూసింది.

ఆకలి మనస్సును ఏమి చేస్తుంది?

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి అంతరాత్మ అంగీకరించని 36 మంది యువకులు ఇందుకు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వారందరూ శారీరకంగా, మానసికంగా ఆరోగ్యవంతులు. 24 వారాల పాటు వారికి దాదాపు సగం ఆహారమే ఇచ్చారు. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గినది.

వారి మనస్సులో వచ్చిన మార్పు అంతకంటె ఆశ్చర్యకరమైనది. వారు రాత్రింబగళ్ళు ఆహారాన్ని గురించే ఆలోచించసాగారు. వంటల పుస్తకాలు సేకరించారు. పళ్ళెంలోని కొద్దిపాటి ఆహారాన్ని గంటల తరబడి ముక్కలు చేసుకుంటూ తిన్నారు. చిరాకు, దిగులు, ఒంటరితనం పెరిగాయి. తిరిగి ఆహారం ఇచ్చిన తరువాత కూడా కొందరికి చాలాకాలం అదుపు చిక్కలేదు.

దీని నుండి మనం గ్రహించవలసినదేమంటే, మనం రోగి స్వభావమని నిందించే అనేక లక్షణాలు ఆకలి కలిగించిన వికారాలే. కాని ఈ ప్రయోగమే మరొక ప్రశ్నను కూడా లేవనెత్తుతున్నది. ఆ యువకులలో అధిక సంఖ్యాకులు అవకాశం దొరకగానే ఆవురావురుమని తిన్నారు. అనొరెక్సియా రోగి మాత్రం పళ్ళెం ముందున్నా తినదు. పైగా పస్తు ఉన్నప్పుడే మనస్సు కుదుటపడినట్లు ఉంటుందని చెబుతుంది. అందరినీ బాధించే ఆకలి కొందరికి ఊరట ఎందుకు ఇస్తున్నది? ఈ ప్రశ్నే శాస్త్రజ్ఞులను జన్యువుల వైపు మళ్ళించినది.

విత్తనం: కవలలు చెప్పిన సాక్ష్యం

ఒక లక్షణం కుటుంబంలో తరతరాలుగా కనబడినంత మాత్రాన అది రక్తంలో ఉన్నదని చెప్పలేము. తల్లి మాట్లాడే భాషే బిడ్డ మాట్లాడుతుంది. అంతమాత్రాన ఉర్దూకు గాని, తెలుగుకు గాని జన్యువు లేదు కదా! ఒకే ఇంటివారు రక్తాన్నీ పంచుకుంటారు, వంటగదినీ పంచుకుంటారు. ఈ రెండింటినీ విడదీసి చూపడానికి ప్రకృతి ప్రసాదించిన సాధనం కవలలు. సమరూప కవలల జన్యువులు ఇంచుమించు ఒక్కటే. అసమరూప కవలలు సాధారణ తోబుట్టువుల వలె సగం మాత్రమే పంచుకుంటారు. పెరిగే ఇల్లు మాత్రం ఇరువురికీ ఒక్కటే.

1984లో లండన్ వైద్యులు ప్రకటించిన ఒక పరిశీలనలో 16 జతల సమరూప కవల బాలికలలో ఒకరికి అనొరెక్సియా ఉంటే రెండవవారికి కూడా ఉన్న జతలు 9. అసమరూప కవలలలో 14 జతలకు గాను అట్టి జత ఒక్కటే. సంఖ్య చిన్నదే గాని, దారి చూపినది. తరువాత స్వీడన్ దేశపు కవలల రిజిస్టరు ఆధారంగా 2006లో వెలువడిన పరిశోధన అనొరెక్సియాలో అనువంశికత పాలు సుమారు 56 శాతమని అంచనా వేసినది. ఇతర పరిశోధనల అంచనాలలో హెచ్చుతగ్గులు ఉన్నా, జన్యువుల పాత్ర గణనీయమనడంలో నేడు భిన్నాభిప్రాయం లేదు.

2019లో అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలిసి 16,992 మంది రోగుల జన్యువులను 55,525 మంది ఇతరుల జన్యువులతో పోల్చి చూశారు. జన్యు పటంలో ఎనిమిది స్థానాలు ఈ వ్యాధితో సంబంధం ఉన్నవిగా తేలాయి. వాటి పోలిక రెండు దిక్కులకు విస్తరించినది. ఒకవైపు ఆందోళన, దిగులు, ఒకే ఆలోచనను వదలలేని మనస్తత్వం. మరొకవైపు శరీరం చక్కెరను, కొవ్వును వినియోగించుకొనే తీరు. అనగా ఇది కేవలం మనోవ్యాధి కాదు. దేహ ధర్మంతో కూడా ముడిపడినదన్నమాట. ఆ పరిశోధనలో పాల్గొన్నవారు ఐరోపా సంతతివారే కావున, దాని ఫలితాలను యథాతథంగా మనకు వర్తింపజేయడం తొందరపాటు అవుతుంది.

ఇక్కడ విద్యార్థులు ఒక పొరపాటు పడే ప్రమాదం ఉన్నది. మెండెల్ బఠానీలలో వలె ఒక్క జన్యువు ఉంటే వ్యాధి, లేకుంటే ఆరోగ్యం అనే లెక్క ఇక్కడ చెల్లదు. ఇవి వందలాది జన్యువులు. ఒక్కొక్కదాని ప్రభావం ఆవగింజంత. వాటిలో చాలావరకు మనందరిలోనూ కొన్ని కొన్ని ఉన్నాయి.

అనువంశికత శాతం అంటే ఏమిటి?

56 శాతం అనగానే, ఒక రోగి వ్యాధిలో 56 పాళ్ళు వంశం, మిగిలినది పరిసరాలు అని అర్థం చేసుకోరాదు. ఆ లెక్క వ్యక్తికి సంబంధించినది కాదు, జనసముదాయానికి సంబంధించినది. మా బొల్లాపల్లి రైతుకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. ఒకే చేనులో, ఒకే నీటితో, ఒకే ఎరువుతో రకరకాల మిరప విత్తనాలు వేశామనుకోండి. మొక్కల మధ్య కనబడే తేడాకు కారణం విత్తనమే. అవే విత్తనాలను సగం నల్లరేగడిలోను, సగం నీరందని రాతి మెరకలోను వేస్తే, ఆ రెండు చేలకు మధ్య కనబడే తేడాకు కారణం నేల. మొదటి చేను లెక్క చూసి, "మిరపకు నేలతో పనిలేదు" అనే రైతు ఉండడు. శాతాలు చూసి, "వంశంలో ఉంటే ఇక చేయగలిగినది లేదు" అనేవారు మాత్రం మనలో ఉన్నారు.

జన్యువు విధిలిఖితం కాదనడానికి వైద్యశాస్త్రంలో చక్కని ఉదాహరణ ఫినైల్ కీటోనూరియా. 1934లో నార్వే దేశపు వైద్యుడు ఫోలింగ్ దీనిని కనుగొన్నాడు. ఇది ఒక్క జన్యువు లోపం వల్ల కలిగే వ్యాధి. మాంసకృత్తులలో ఉండే ఫినైల్ అలనిన్ అనే పదార్థాన్ని ఆ బిడ్డ శరీరం జీర్ణించుకోలేదు. అది పేరుకొని మెదడును దెబ్బతీస్తుంది. కాని పుట్టిన తొలి రోజులలోనే గుర్తించి, ఆ పదార్థం తక్కువగా ఉండే ఆహారం ఇస్తే బిడ్డ తక్కినవారి వలెనే చదువుకొని పెరుగుతుంది. లోపం పూర్తిగా జన్యువుది. నివారణ పూర్తిగా ఆహారానిది! అటువంటి వ్యాధిలోనే పరిసరాలు ఇంత చేయగలిగినప్పుడు, వందల జన్యువుల సూక్ష్మ ప్రభావం గల ఆహార రుగ్మతల విషయంలో నిరాశకు తావెక్కడిది?

నేల: ఫిజీ నుండి పల్నాడు వరకు

పరిసరాల ప్రభావానికి నిదర్శనంగా ఫిజీ దీవుల వృత్తాంతాన్ని చెప్పుకోవచ్చు. తెలుగువారికి ఫిజీ పరాయిది కాదు. 1903 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల కూలీలుగా అక్కడికి వెళ్ళినవారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. ఆ దీవుల ఆదివాసులైన ఫిజియన్లకు పుష్టిగా ఉన్న శరీరమే అందం. అతిథికి కడుపునిండా వడ్డించడమే మర్యాద. 1995లో నద్రోగా ప్రాంతానికి టెలివిజన్ వచ్చినది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు టెలివిజన్ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరొకసారి అక్కడి ఫిజియన్ విద్యార్థినులను ప్రశ్నించినది. ఆహారం పట్ల వికార ధోరణి సూచించే మార్కులు మొదట 12.7 శాతం మందిలో ఉండగా, మూడేళ్ళలో 29.2 శాతానికి పెరిగినవి. తిన్నదానిని బలవంతంగా వదిలించుకొనే అలవాటు మొదట ఒక్కరిలోనూ లేదు; 1998 నాటికి 11.3 శాతం మందిలో కనబడినది. మూడేళ్ళలో ఏ జాతి జన్యువులూ మారవు. మారినది నేల.

మన పల్నాటి సంగతి చూద్దాము. ఈ సీమ జొన్నకూటిని గురించి శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు మనకు తెలిసినవే. ఆ జొన్నకూడు తిని కష్టించి పనిచేసినవారికి దేహం శ్రమ సాధనం. చూసుకొని మురియడానికి గాని, అసహ్యించుకోవడానికి గాని అద్దంలో బొమ్మ కాదు. "ఒళ్ళు చేసింది" అనడం ఆనాడు మెచ్చుకోలు మాట. ఆ మాట మన కళ్ళముందే అర్థం మార్చుకున్నది. నాగార్జునసాగర్ కుడి కాలువ వచ్చి వరి అన్నం సామాన్యమైనది. దాని వెనుక నూనెలు, చక్కెరలు వచ్చాయి. నేడు బొల్లాపల్లి మండలంలోని మారుమూల తండాలో కూడా చేతిలో ఫోన్ ఉన్నది. అందులో రోజుకు వంద ముఖాలు, వంద నడుములు, మెరుగులు దిద్దిన వంద ఛాయలు. వాటికి తోడు పెళ్ళిచూపులలో పిల్ల రంగునూ, ఒడ్డునూ కొలిచే కళ్ళు. వసతి గృహాలలో మార్కుల కోసం భోజనాన్ని పది నిమిషాలకు కుదించిన దినచర్య. వీటన్నింటితో పాటు, అధ్యాపకుల నోటి నుండి జారే పరిహాసాలు కూడా నేలలో భాగమేనని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఇదే రాష్ట్రంలో, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులు. రక్తం లేని అమ్మాయికి సన్నబడమని చెప్పే సమాజం ఎంత క్రూరమైనదో ఆలోచించండి.

విత్తనమూ నేలా కలిసే తీరు

మరి నాడు నా మాట విన్న అమ్మాయిలు ఎనిమిది మంది. ఏడుగురు నవ్వి మరచిపోయారు. ఒక్కతే జబ్బుపడినది. ఎందుకు?

జన్యువులూ, పరిసరాలూ మూడు విధాలుగా కలుస్తాయి. మొదటిది, ఒకే దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. పదిమంది అమ్మాయిలు ఒకే సారి రాత్రి భోజనం మానితే, తొమ్మిది మంది మూడవ నాటికి విసిగి మానుకుంటారు. పదవ అమ్మాయి దేహం ఆ పస్తును ఊరటగా స్వీకరిస్తుంది. పస్తు మొదలుపెట్టించినది పరిసరం. దానిని కొనసాగించినది దేహ తత్త్వం. రెండవది, బిడ్డకు విత్తనాన్నీ, నేలనూ ఇచ్చేది తరచు ఒకే చేయి. తిండి విషయంలో తానే భయపడే తల్లి ఆ స్వభావపు జన్యువులను ఇస్తుంది, ఆ భయం నిండిన వంటిల్లునూ ఇస్తుంది. ఇది ఆమె తప్పు కాదు. ఆమె కూడా దానిని ఎవరి నుండో అందుకున్నదే. మూడవది, స్వభావమే తనకు తగిన పరిసరాన్ని వెతుక్కుంటుంది. పరిపూర్ణత కోరే పిల్ల పోటీ ఎక్కువగా ఉన్న చోటికే పోతుంది. మెప్పు వచ్చే పాత్రనే కోరుకుంటుంది. నా నాటకంలో నాయిక పాత్రకు ఆ అమ్మాయి ముందుకు రావడం కూడా యాదృచ్ఛికం కాకపోవచ్చు.

కాలం సంగతి కూడా చెప్పుకోవాలి. విత్తనం ఎప్పుడు పడితే అప్పుడు మొలవదు. మిన్నెసోటా కవల బాలికలపై జరిగిన పరిశోధనలలో, యౌవనారంభానికి ముందు ఆహార వికార ధోరణులపై జన్యువుల ప్రభావం ఇంచుమించు శూన్యంగా ఉండి, ఆ తరువాత దాదాపు సగానికి చేరడం కనిపించినది. యౌవనంలో పుట్టే హార్మోనులు ఆ జన్యువులను మేల్కొలుపుతాయని శాస్త్రజ్ఞుల ఊహ. కావున హైస్కూలు, ఇంటర్మీడియట్ వయసే మనం ఎక్కువ జాగ్రత్తగా మాట్లాడవలసిన వయసు.

మన దేశంలో దీని రూపం

ఈ వ్యాధి తెల్లవారిదని, ధనికులదని చాలాకాలం అనుకున్నారు. హాంగ్‌కాంగ్‌లో సింగ్ లీ అనే మనోవైద్యుడు 1993లో ప్రకటించిన 70 మంది రోగుల పరిశీలనలో 41 మందికి లావవుతామనే భయమే లేదు. "కడుపు ఉబ్బుతున్నది, ఆకలి లేదు" అనేవే వారి మాటలు. మన దేశంలో 1990లలో ఢిల్లీ, మద్రాసు మనోవైద్యులు వ్రాసిన వ్యాసాలు కూడా మన రోగులు పాశ్చాత్య లక్షణాలకు పూర్తిగా ఒదగరని సూచించాయి. పాశ్చాత్య గ్రంథంలోని లక్షణాలను మాత్రమే వెదికితే మన పిల్లలు వైద్యుని కంటికి ఆనకుండా పోతారు. విత్తనం ఒకటే కావచ్చు. మొక్క మాత్రం తాను మొలిచిన నేల రంగు పులుముకుంటుంది.

ఉపవాసాల ప్రసక్తి కూడా ఇక్కడ అవసరం. రంజాన్ రోజాలు గాని, ఏకాదశి ఉపవాసాలు గాని రుగ్మతలు కావు. రోజా ఉన్నవాడు మగ్రిబ్ అజాన్ కోసం సంతోషంతో ఎదురుచూస్తాడు. పదిమందితో కలిసి ఖర్జూరం నోట వేసుకుంటాడు. రోగి ఇఫ్తార్ వేళకు భయపడుతుంది. దస్తర్ఖాన్ దగ్గర కూర్చోకుండా ఏదో ఒక నెపం వెదకుతుంది. ఈద్ గడచినా ఉపవాసం విడవదు. భక్తి ముసుగులో వ్యాధి దాగినప్పుడు ఇంటివారు దానిని సుగుణమని మెచ్చుకునే ప్రమాదం ఉన్నది. వ్యాధిగ్రస్తులకు రోజా నుండి ఖుర్‌ఆన్ స్పష్టంగా మినహాయింపు ఇచ్చినది. ఆ మినహాయింపు మనస్సుకు కలిగిన వ్యాధికి కూడా వర్తిస్తుందని తల్లిదండ్రులు గ్రహించాలి.

మన కర్తవ్యం

ఒక పిల్ల ఉన్నట్టుండి సన్నబడుతూ, నలుగురితో కలిసి తినడం మానివేసి, తాను తినకపోయినా ఇతరులకు వండి వడ్డించడంలో ఆసక్తి చూపుతూ, ఎప్పుడూ చలి అంటూ, నెలసరి ఆగిపోయి, చిరాకుగా ఉంటే ఉపేక్షించరాదు. ముందుగా వైద్యుని వద్ద క్షయ, మధుమేహం, థైరాయిడ్ వంటివి లేవని నిర్ధారించుకోవాలి. అటుపిమ్మట మనోవైద్యుని సంప్రదించాలి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో ఆ విభాగం ఉన్నది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చాలాకాలంగా పస్తులున్నవారికి ఒక్కసారిగా బలవంతాన కడుపునిండా తినిపించరాదు. రక్తంలో ఫాస్ఫేటు వంటి లవణాలు హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయం కలుగవచ్చు. యుద్ధ ఖైదీల విడుదల సందర్భంలో వైద్యులు నేర్చుకున్న పాఠమిది. ఆహారాన్ని వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా పెంచాలి.

చికిత్స ఉన్నది. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు 1980లలో రూపొందించిన పద్ధతిలో తల్లిదండ్రులను దోషులుగా కాక, చికిత్సకు ముఖ్య సహాయకులుగా భావిస్తారు. పిల్లను తిరిగి తినేటట్లు చేసే బాధ్యతను కొంతకాలం వారికే అప్పగిస్తారు. కౌమార దశలోని రోగులకు ఇది మేలైన పద్ధతిగా నిరూపితమైనది. బులీమియాకు ఆలోచనా ధోరణిని సవరించే చికిత్స, కొన్ని మందులు ఉపకరిస్తాయి.

ముగింపు

ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పగలను.

ఆ తండ్రికి: వంశంలో ఉన్నది వ్యాధి కాదు, దానికి లోబడే సున్నితత్వం. ఆ సున్నితత్వంతో పాటే వచ్చిన పట్టుదల, శ్రద్ధ కూడా మీ వంశానివే. దీనిని దాచిపెడితే చికిత్స ఆలస్యమవుతుంది. చక్కెర వ్యాధి, రక్తపోటు వంశంలో లేని ఇల్లేది? వాటిని దాచకుండానే మనం పిల్లలకు పెళ్ళిళ్ళు చేస్తున్నాము.

ఆ తల్లికి: మీ పెంపకం కారణం కాదు. మీ పెంపకమే ఔషధం.

ఇక నాకు: ఒక్క మాట వ్యాధిని పుట్టించదు. కాని ఎండిన గడ్డిపై పడిన నిప్పురవ్వను, "నేను చాలా చిన్నదాన్ని" అంటే ఎవరు ఒప్పుకుంటారు? ఏ తరగతిలో ఏ గడ్డి ఎండి ఉన్నదో అధ్యాపకునికి తెలియదు. కావున రవ్వ విసరకపోవడమే అతని ధర్మం. ఆ రోజు నుండి నేను ప్రబంధ నాయికను బోధించేటప్పుడు అతిశయోక్తి అలంకారాన్ని గురించి మరికొంత వివరంగా చెబుతున్నాను. అది కవి సమయమే గాని, కొలబద్ద కాదని పిల్లలకు గట్టిగా చెబుతున్నాను.

ఆ అమ్మాయి కోలుకున్నది. దాదాపు రెండేళ్ళు పట్టినది. మధ్యలో ఒకసారి తిరగబెట్టినది కూడా. ఆమె తల్లి ప్రతి పూటా ఇంటిల్లిపాదినీ ఒకే దస్తర్ఖాన్ చుట్టూ కూర్చోబెట్టి, తిండి మాట ఎత్తకుండా లోకాభిరామాయణం నడిపించేది. కుటుంబమంతా కలిసి భోంచేసే ఇళ్ళలో ఆడపిల్లలకు ఈ వికారాలు తక్కువగా ఉంటాయని మిన్నెసోటాలో జరిగిన సర్వేలు సూచించాయని నేను తరువాత చదివాను.

చదివినప్పుడు నాకు మన పల్నాటి బ్రహ్మనాయుడు గుర్తుకు వచ్చాడు. కులభేదం పాటించకుండా అందరినీ ఒకే చాపపై కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు ఈ నేలదే. కారెంపూడిలో నేటికీ ఆ పేరు మీద ఉత్సవం జరుగుతున్నది. చాపకూడు అన్నా, దస్తర్ఖాన్ అన్నా సారం ఒక్కటే: పక్కన మనిషి ఉండగా తినడం. విత్తనాన్ని ఎంచుకోవడం మన చేతిలో లేదు. నేలను మాత్రం మనమే దున్నుకోవాలి. విద్యార్థులారా! ఈ రోజు మధ్యాహ్నం మీ పక్కన కూర్చున్న స్నేహితురాలు టిఫిన్ డబ్బా తెరవకపోతే పరిహాసం చేయకండి. మీ డబ్బా ఆమె వైపు జరపండి.